దూదేకే ఇంట్లో సీసా దీపం

మా ఇంట్లో చీకటికి ఎవరూ భయపడేవాళ్ళు కాదు. దీపానికే భయపడేవాళ్ళు.

మేము దూదేకులవాళ్ళం. మా ముందు గదిలో ఒక మూల ఏకాల్సిన పత్తి, ఇంకో మూల ఏకిన దూది ఎప్పుడూ నడుమెత్తున ఉండేవి. పై దూలానికి ఒక పెద్ద విల్లు వేలాడుతుండేది, దానికి మేక నరంతో చేసిన తాడు. మా నాయన ఎడమచేత్తో విల్లు పట్టుకుని, కుడిచేతిలో చెక్క గుండుతో ఆ నరాన్ని కొడుతుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే మోత. ఆ దెబ్బకు దూది విచ్చుకునేది, నూగు లేచి గదంతా తేలేది. అన్నంలో నూగు, నీళ్ళకుండలో నూగు, మా తలల్లో నూగు. ఊళ్ళో పిల్లలు నన్ను ముసలమ్మ అని వెక్కిరించేవాళ్ళు. నేను ఊరుకునే రకాన్ని కాదు గనక రాళ్ళు విసిరేదాన్ని.

దూదికి నిప్పంటుకోవడం కట్టెకు అంటుకోవడం లాంటిది కాదు. మంట పైపైన పాకి రెప్పపాటులో ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది, ఆ తర్వాత లోపల్లోపల కుములుతూ రెండు రోజులైనా చావదు. మా నాయన చిన్నప్పుడు వాళ్ళ పెదనాన్న ఇల్లు అట్లాగే పోయిందట. అందుకని మా ఇంటికి కొన్ని కట్టుబాట్లు. పొయ్యి పెరట్లో, పాక కింద. చుట్ట కాల్చే చుట్టం ఎంత పెద్దవాడైనా అరుగు దాటి లోపలికి రాకూడదు. వత్తి బయటికి కనబడే కిరసనాయిలు బుడ్డి గడప తొక్కకూడదు. ఊరంతా బుడ్డి దీపాలతో బతుకుతుంటే మాకు మాత్రం గాజు గ్లాసున్న లాంతరు ఒక్కటి ఉండేది, అదీ వసారాలో కొక్కేనికి.

ఆ లాంతరు గ్లాసును పగలగొట్టింది నేనే. రోజూ సందెవేళ దాన్ని బూడిదతో తోమి గుడ్డతో తుడవడం నా పని. ఒకరోజు లోపలికి చెయ్యి దూర్చి తిప్పుతుంటే చేతిలోనే రెండు ముక్కలైంది. మామూలు రోజులైతే రెండు దెబ్బలతో పోయేది. అప్పుడు యుద్ధం నడుస్తోంది. నరసరావుపేటలో అడిగితే లేదన్నారు. గుంటూరు వెళ్ళేవాళ్ళకు చెప్పి పంపితే అక్కడా లేదన్నారు. కార్డు మీద ఇచ్చే కిరసనాయిలు ఎటూ నెలలో సగం రోజులకు కూడా చాలేది కాదు. నాయన ఆ బోడి లాంతరును చూరుకు తగిలించి, "చీకటి పడితే పడుకోండి. కోళ్ళు పడుకోటంలా?" అన్నాడు.

కోళ్ళకు పరీక్షలు లేవు. నాకు ఉంది.

మా ఊరి బళ్ళో అయిదో తరగతి వరకే చదువు. ఆ తర్వాత పంతులుగారు తన దగ్గరున్న పుస్తకాలు ఒక్కొక్కటే ఇచ్చి, తప్పులు దిద్ది, నాచేత ఎనిమిదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టించాడు. పాసైతే గుంటూరులో పంతులమ్మ ట్రైనింగు, తిండీ బసా వాళ్ళే చూసుకుంటారు. తప్పితే వినుకొండలో మా మేనమామ కొడుకు. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు. కానీ వాడూ దూదే ఏకేవాడు. ఒక దూదిగదిలో పుట్టి ఇంకో దూదిగదిలో చావడం నాకు ఇష్టం లేదు. ఆ మాట పైకి అంటే వీపు చిట్లేది గనక అనలేదు.

నాయన ఒక్కసారి రాయడానికి మాత్రమే ఒప్పుకున్నాడు.

"ఒక్క తూరి రాయి. అయితే అయింది. లేకపోతే మీ మామకు మాటిచ్చేస్తా. మళ్ళా రాస్తానని నా దగ్గరికి రాబాక," అన్నాడు. మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే, వద్దన్నాడంటే వద్దన్నట్టే. ఆయనతో బేరాలు ఉండవు.

గ్లాసు పగిలింది పత్తి తీతల కాలంలో. పరీక్ష ఎండాకాలం మొదట్లో. మధ్యలో నాకున్నవి మూడు నెలలు. పగలంతా పత్తిలో నలుసులు ఏరాలి, అమ్మతో కూర్చుని పరుపులు కుట్టాలి. అది మా పని గడిచే కాలం, పెళ్ళిళ్ళ కాలం. పుస్తకానికి మిగిలేది అన్నం తిన్న తర్వాత కాసేపు, కోడి కూసిన తర్వాత కాసేపు. రెండు వేళల్లోనూ చీకటే. పంతులుగారింటికి వెళ్ళి చదువుకుంటానంటే, ఎదిగిన పిల్ల పొద్దుగూకి వీధులెంబడి తిరగడం ఏందని నాయన కళ్ళెర్రజేశాడు. నాలుగు రోజులు అన్నం మీద అలిగాను. ఎవరూ బతిమాలలేదు. అయిదో రోజు నేనే తిన్నాను.

దారి చూపించింది అమ్మ. వాళ్ళ పుట్టింటివాళ్ళు తరతరాలుగా ఒక దర్గాలో దీపాలు పెట్టే పని చేసేవాళ్ళు. అక్కడ గాజు గ్లాసుల్లో దీపాలు పెడతారట. గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్ళు, నీళ్ళ మీద నూనె, నూనె మీద తేలే వత్తి. నూనె మండినంతసేపూ దీపం వెలుగుతుంది. నూనె అయిపోగానే వత్తి నీళ్ళకు తగిలి దానంతటదే ఆరిపోతుంది. కాపలా అక్కర్లేదు. ఈ సంగతి అమ్మ పత్తి ఏరుతూ ఏరుతూ, ఎవరితోనో కాకుండా పత్తితోనే చెబుతున్నట్టు చెప్పింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేందమ్మా?" అన్నాను.

"నువ్వడిగావా? అలగటానికే సరిపోయె నీకు," అంది.

నూనెకు లోటు లేదు. గట్టు మీద మొలిచిన ఆముదపు గింజలతో అమ్మ ఏటా ఇంట్లోనే ఆముదం వండేది. వత్తికి దూది లోటు అసలే లేదు. లేనిది గాజు గ్లాసు. మా ఇంట్లో తాగేవన్నీ కంచు గ్లాసులు, మట్టి ముంతలు. అందుకని సీసాను అడ్డంగా కోసి గ్లాసు చెయ్యాలన్నది అమ్మ ఆలోచన. సీసా చుట్టూ కిరసనాయిల్లో నానిన దారం కట్టి, వెలిగించి, అది కాలుతుండగా చన్నీళ్ళలో ముంచితే దారం ఉన్నచోట సీసా తెగుతుందట. వాళ్ళ తాత అట్లాగే కోసేవాడట. "నేను చూశా గానీ కొయ్యలా," అని ముందే చెప్పేసింది.

మొదటిది ఆముదం పోసుకునే సీసానే. ఆముదాన్ని ముంతలోకి వంచి, సీసాను బూడిదతో తోమి, పెరట్లో కూర్చున్నాం. దారం దగ్గరే మా తెలివితక్కువతనం బయటపడింది. నాయన ఏకిన దూదితో అమ్మ తీసిన దారం, వెన్నలాంటి దారం, దాన్ని మించింది లేదని మా గర్వం. ఆ మెత్తటి దారం గుక్కెడు కిరసనాయిలు తాగింది. అగ్గిపుల్ల చూపిస్తే మంట దారం దగ్గర నిలవకుండా సీసా అంతా ఎగబాకింది. కుండలో ముంచగానే సీసా నిలువునా పగిలింది. ఆముదానికి ముంతే దిక్కయింది.

రెండోది పంతులుగారు ఇచ్చిన సిరా సీసా. పాపం ఆయన బళ్ళో సిరాను ఏదో గిన్నెలోకి వంచుకుని మరీ ఇచ్చాడు. ఈసారి పరుపులు కుట్టే దారం వాడాం. సన్నగా, గట్టిగా పురి తిప్పిన దారం అది, తాగాల్సినంతే తాగుతుంది. మంట ఉంగరంలాగా చక్కగా నిలిచింది. కానీ సీసా కడిగిన వెంటనే పనికి దిగాను, లోపల ఇంకా తడి ఉంది. ఆరనివ్వు అని అమ్మ అంటూనే ఉంది, నేను వింటే కదా. అడుగు ఊడి కుండలో పడింది. కోపమొచ్చి మిగిలిన ముక్కను గోడకేసి కొట్టాను. అమ్మ వచ్చి నన్ను కొట్టింది. తర్వాత ఇద్దరం కలిసి గాజుపెంకులు ఏరాం, ఎందుకంటే దూదిలో పెంకు పడితే అది ఎవరి పరుపులోకో పోతుంది.

మూడో సీసా కోసం వారం రోజులు తిరిగాను. యుద్ధకాలంలో సీసా పారేసేవాళ్ళు ఎవరున్నారు? చివరికి ఊరి బయట దొరలు దిగే బంగళాకు కాపలా ఉండే ఆయన ఇచ్చాడు. బాబాయి అని పిలిచేదాన్ని. తెల్లటి గాజు, నిటారుగా, ఎక్కడా బుడిపె లేకుండా ఉంది. పైన కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు. నేను కూడబలుక్కుని చదివితే బ్రాందీ అని తేలింది. కాగితం గీకేసి ఇంటికి తీసుకొచ్చాను గానీ, కాగితం పోయినా వాసన పోలేదు.

నాయన విల్లు ఆపి తలెత్తాడు. "ఏందే అది?"

"సీసా."

"సీసా అని నాకూ తెలుసు. కంపు కొడతంది. సారాయి సీసాని నమాజు చేసుకునే ఇంట్లోకి తెస్తావా?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "నువ్వు నమాజు చేసి ఎన్నాళ్ళయింది? పోయిన పండక్కి చేశావు. నేను దాంట్లో నీళ్ళు పోస్తా, సారా పోయను. పనిజూసుకో."

నాయన మళ్ళీ విల్లు కొట్టడం మొదలుపెట్టాడు, ఆ పూట కాస్త గట్టిగానే కొట్టాడు. అమ్మ మాత్రం ఆ సీసాను చింతపండుతో, బూడిదతో, సున్నపునీళ్ళతో తోమి, బిస్మిల్లా అని మూడుసార్లు కడిగింది. ఆమెకూ లోపల బెరుకు ఉన్నట్టే ఉంది. రెండు రోజులు ఎండలో పెట్టాం. నన్ను దాని దగ్గరికి పోనివ్వలేదు.

మూడో రోజు సాయంత్రం దారం కట్టింది అమ్మే. రెండు చుట్లు, చిన్న ముడి, ముడి తోకను కత్తిరించేసింది. నేను సీసాను అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే దారం నీలంగా, ఆ తర్వాత పచ్చగా కాలింది. "ఇంకా, ఇంకా," అంటూ ఉండి, మంట తగ్గబోతుండగా "ఇప్పుడు," అంది. ముంచాను. కణుపు విరిచినట్టు చిన్న చప్పుడైంది. పై సగం నా చేతిలో, కింది సగం నీళ్ళలో. అంచు గీత గీసినట్టు ఉంది. నేను ఎగిరి గంతేశాను. అమ్మ నవ్వడం తక్కువ, ఆ రోజు మాత్రం నవ్వింది.

తెగిన అంచు కత్తిలాగా ఉంటుంది. పెరట్లో మేము బట్టలుతికే నాపరాయి మీద తడి ఇసుక చల్లి, గ్లాసును బోర్లించి రెండు రోజులు రుద్దాను. వేలితో తడిమితే గీసుకోనంత నునుపు వచ్చింది. నీళ్ళలో తేలే జీలుగ బెండును బిళ్ళలాగా కోసి, మధ్యలో చిల్లుపెట్టి, బెండు కాలకుండా పైన డబ్బా రేకు ముక్క ఒకటి అమర్చి, అందులో వత్తి దూర్చాం. నీళ్ళు పోసి, ఉప్పు గల్లు ఒకటి వేసి, పైన గరిటెడు ఆముదం పోసింది అమ్మ. ఉప్పు ఎందుకని అడిగితే, వాళ్ళ తాత వేసేవాడు గనక అంది.

దీపం వెలిగింది గానీ ఇంకా నాయన ఒప్పుకోవాలి. ఆయన దీపాన్ని పెరట్లో నేల మీద పెట్టించి, కాలితో తన్నాడు. నీళ్ళు పొర్లి వత్తి చచ్చిపోయింది. మళ్ళీ వెలిగించమన్నాడు, ఈసారి పక్కకు వంచాడు. మళ్ళీ ఆరింది. మూడోసారి దాన్ని అట్లాగే వదిలి, ఎదురుగా గొంతుక్కూర్చుని, నూనె అంతా అయ్యేదాకా చూశాడు. ఆయన అంతసేపు పనిలేకుండా కూర్చోవడం నేను చూడలేదు. చివర వత్తి చిటపటమని నీళ్ళకు తగిలి ఆరిపోయింది.

"ఇది మంచిదే. దానంతటదే చస్తంది," అన్నాడు. ఆ తర్వాత షరతులు చెప్పాడు. దీపం వసారాలోనే ఉండాలి, గడప దాటి దూదిగదిలోకి రాకూడదు. గరిటెడు నూనె మించకూడదు. వత్తిని తేలనివ్వాలి, దేనికీ కట్టకూడదు. నేను మూడింటికీ తలూపాను.

ఆ దీపం వెలుతురు గొప్పదేం కాదు. పుస్తకాన్ని గ్లాసుకు ఆనించి పెడితే నీళ్ళలోంచి వచ్చిన వెలుతురు పేజీ మీద గుండ్రంగా పడేది, రొట్టెంత. ఆ గుండ్రంలో మూడు లైన్లు పట్టేవి. పుస్తకాన్ని పైకి జరుపుకుంటూ చదవాలి. రాత్రి అన్నం తర్వాత ఒక గరిటె, తెల్లారుజామున ఒక గరిటె. నా చదువంతా అమ్మ గరిటెతో కొలిచి పోసిందే. నూనె తగ్గేకొద్దీ వత్తి గ్లాసులో కిందికి దిగేది, వెలుతురు పేజీ మీద నుంచి జారి నేల మీదికి పోయేది. అప్పుడు నేనూ చాప మీద పొట్ట ఆనించి పడుకుని చదివేదాన్ని. భూగోళం, చరిత్ర అట్లాగే అయ్యాయి. లెక్కలు మాత్రం అట్లా కుదిరేవి కావు. పడుకుని లెక్కలు చెయ్యడం నా వల్ల కాలేదు.

పరీక్ష ఇంకా నెల ఉందనగా గాలి మొదలైంది. మా వైపు ఎండలు ముదిరేముందు సాయంత్రాలు పడమటి గాలి తిరుగుతుంది, దుమ్మెత్తిపోస్తుంది. వసారాలో దీపం నిలవదు. నిలిచినా మంట గింగిరాలు తిరుగుతుంటే అంకెలు కనబడవు. లెక్కల్లో నేను వెనకబడి ఉన్నానని పంతులుగారు మొహం మీదే చెప్పాడు. "మిగతావన్నీ గట్టెక్కిస్తావు, ఇదొక్కటే నిన్ను ముంచుద్ది," అన్నాడు. నాకు నిద్ర పట్టేది కాదు. వినుకొండ కళ్ళముందు కనబడుతోంది.

ఒకరోజు నాయన పక్క ఊరికి ఎవరివో పరుపులు విప్పి ఏకడానికి వెళ్ళాడు. అమ్మ పెరట్లో జొన్నసంగటి కెలుకుతోంది. పొద్దు కుంకింది. నేను పత్తి బేళ్ళకు కట్టే తీగ ముక్క ఒకటి తీసుకుని కొక్కెంలాగా వంచాను. వత్తిని బెండులోంచి తీసి ఆ తీగకు చుట్టి, గ్లాసు అంచుకు తగిలించాను. ఇప్పుడు మంట కిందికి దిగదు, అంచు దగ్గరే, పుస్తకానికి ఎదురుగా నిలుస్తుంది. గరిటెడుకు మరో గరిటెడు నూనె పోశాను. దీపాన్ని దూదిగదిలోకి తెచ్చి తలుపు చేరేశాను. మూడు షరతులూ ఒక్క చేత్తో తుడిచేశాను. ఒక్క లెక్క అనుకున్నాను. మంట కదలకుండా తెల్లగా నిలబడింది. ఇంత సుఖంగా చదవచ్చా అని నాకు ఏడుపొచ్చింది.

రెండు లెక్కలు చేశాను. మూడోదానిలో ఉండగా గ్లాసు పగిలింది. అంచుకు ఆనుకుని అంతసేపు మండితే గాజు ఆగుతుందా? ఆ ఆలోచనే నాకు రాలేదు. నీళ్ళు ముందు పోయాయి, వాటి మీద నూనె, నూనె మీద మంట. చాప అంటుకుంది. చాప అంచున ఉన్న నూగు అంటుకుంది. ఆ తర్వాత మంట నేల మీద నీలంగా పాకింది, చప్పుడు లేకుండా. నేను లేచి నిలబడ్డాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. అరవను కూడా అరవలేదు, ఇది నేను ఎప్పుడూ దాచలేదు.

తలుపు తోసుకుని వచ్చింది నాయన. అప్పుడే ఊరి నుంచి వచ్చి అరుగు ఎక్కుతున్నాడట. నన్ను జుట్టు పట్టుకుని బయటికి విసిరాడు. నీళ్ళు తేవడానికి లేదు, నీళ్ళకు దూది మంట లొంగదు, పైగా నూనె. ఆయన ఏకిన దూది కుప్పకూ మంటకూ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, కాలుతున్న చాపను రెండు చేతులతో చుట్టచుట్టి, తన ఒంటి కింద అదిమాడు. నూనె అంటిన వైపు కుడిచేతి కింద ఉంది. అమ్మ తడి బొంత పట్టుకుని వచ్చేసరికి మంట పోయింది, వాసన మిగిలింది. కాలిన దూది వాసన కాదు.

కాలింది ఒక మూలే. ఇల్లు నిలిచింది, చాలా మటుకు దూదీ నిలిచింది. నాయన కుడి అరచెయ్యి, వేళ్ళు మాత్రం చూడలేని విధంగా అయ్యాయి. పొద్దున్నే బండి కట్టించుకుని నరసరావుపేటలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను వస్తానంటే అమ్మ, "నువ్వు మొహం కనపడనియ్యబాక," అంది. ఆ మాట తర్వాత నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

మా ఇంట్లో విల్లు మోత ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు కొత్త. ఏకమని ఇచ్చినవాళ్ళు పత్తి వెనక్కి పట్టుకుపోయారు కొందరు, కొందరు ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పి పట్టుకుపోయారు. నాయన చేతికి గుడ్డ చుట్టుకుని వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది. పరీక్ష సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తడానికి నాకు నోరేదీ? పుస్తకాలు మూటగట్టి పంతులుగారికి ఇచ్చిరావడానికి రెండుసార్లు బయల్దేరి, సగం దారిలో వెనక్కి వచ్చాను.

ఒకరోజు ఇక ఆగలేక దూదిగదిలోకి వెళ్ళి విల్లు అందుకున్నాను. మాలో ఆడవాళ్ళు విల్లు పట్టరు. ఏరతాం, కుడతాం, అంతే. అయినా పెళ్ళివారి కోసం ఏరిన పత్తి మూట ఒకటి ఇంకా మిగిలుంది, అదైనా ఏకి ఇద్దామనుకున్నాను. గుండు పట్టుకుని నాలుగు దెబ్బలు కొట్టాను. నరం మూలిగింది.

"చెయ్యి తియ్యవే దాని మీద నుంచి!" నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంత గట్టిగా ఆయన నన్ను ఎప్పుడూ కసరలేదు. గుండు వదిలేశాను. నా చెయ్యి తగిలితే విల్లు కూడా పాడవుతుందనుకున్నాడేమో అని కుమిలిపోయాను.

ఆయన లోపలికి వచ్చి నా కుడిచేతిని తన ఎడమచేత్తో తిప్పి చూశాడు. బొటనవేలి మొదట్లో అప్పుడే ఎర్రగా కందింది.

"రెండు రోజులు కొడితే బొబ్బలెక్కుద్ది. కలం ఎట్టా పట్టుకుంటావు? పరీక్ష ఇంకెన్నాళ్ళుంది?"

"తొమ్మిది రోజులు," అన్నాను. లెక్కబెట్టుకుంటూనే ఉన్నానని ఆయనకు తెలిసిపోయింది.

"పగలు చదువుకో. పత్తి లేదుగదా ఏరటానికి. పో, పుస్తకం తీసుకో."

ఆ తొమ్మిది రోజులు పగటి వెలుతురులో చదివాను. పగలు లెక్కలు చెయ్యడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు గనక ఒక్క నిమిషం కూడా తల ఎత్తలేదు.

పరీక్ష రోజున తెల్లవారకముందే నాయనా నేనూ పేటకు నడిచాం. గుడ్డ చుట్టిన చేతిని ఎత్తి గుండెలకు ఆనించుకుని నడిచాడు. నేను లోపల రాస్తున్నంతసేపూ బడి ప్రహరీగోడ నీడలో కూర్చున్నాడు, నీడతోపాటు జరుగుతూ. మూడు రోజులూ అంతే. రాత్రిళ్ళు ఎరిగినవాళ్ళ అరుగు మీద పడుకున్నాం. లెక్కల పరీక్ష చివరి రోజు. బయటికి వచ్చాక, "ఎట్టా రాశావు?" అని అడిగాడు.

"బాగానే రాశా. లెక్కలు కూడా."

"గట్టెక్కుతావా?"

"ఎక్కుతా."

ఆయన తల పంకించాడు. ఊరు దాటి, బండ్లబాట మీదికి వచ్చాక ఒక వేపచెట్టు కింద ఆగి కూర్చుని, ఎడమచేత్తో, పళ్ళతో కుడిచేతి కట్టు విప్పడం మొదలుపెట్టాడు. నేను సాయం చేస్తానంటే వద్దన్నాడు. ఆ చేతిని నాకు చూపించడం అదే మొదటిసారి. చర్మం మెరుస్తూ లాక్కుపోయింది. వేళ్ళు సగం ముడుచుకుని బిగుసుకుపోయాయి. తెరుచుకోవు, మూసుకోవు.

"ఇంక ఇది గుండు పట్టుకోలేదంట," అన్నాడు, ఎవరి చెయ్యో చూపిస్తున్నట్టు. "డాక్టరు మొదటి రోజే చెప్పాడు. నీకు చెప్పొద్దని మీ అమ్మకాడ ఒట్టు వేయించుకున్నా. నువ్వసలే మొండిదానివి. ముందే చెబితే పుస్తకం పొయ్యిలో పెట్టి విల్లుకాడ కూర్చునేదానివి."

ఆ చేతిని పట్టుకుని దారిలోనే కూలబడి ఏడ్చాను. బండ్లమీద పోయేవాళ్ళు తిరిగి తిరిగి చూశారు. నాయన నన్ను ఓదార్చలేదు, ఓదార్చడం ఆయనకు చేతకాదు. నా ఏడుపు తగ్గేదాకా కూర్చుని, ఆ తర్వాత గుడ్డను నా చేతికిచ్చాడు.

"చుట్టు," అన్నాడు. "ఇంకనించి ఇంటికి తిండి పెట్టాల్సింది నువ్వే. చేతులు వణక్కుండా చుట్టు."